కార్తీకంలో చేప రుచి

చేపల ల్యాబులో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి చేప తినదని తెలిస్తే పిల్లలకి భలే సరదా. మీలాంటివాళ్ళు ట్రైనింగులకి పిలిచి, శాలువా కప్పి, కాఫీ ఇచ్చి, చివరికి అడిగేది అదే. మరి ఎలా చేశారు మేడమ్, ముక్కు మూసుకునా? కాదు నాయనా, ముక్కు బాగా తెరుచుకుని చేశాను. నా జీతమంతా ముక్కు సంపాదించిందే.

మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు, ఆయన తర్వాత అన్నయ్య అందుకున్నాడు. నేను డిగ్రీ చదివి పరీక్ష రాస్తే ఈ ఉద్యోగం వచ్చింది. ఊళ్ళో ఎవరైనా అడిగితే నాన్నగారు "నీళ్ళ పరీక్షలండి" అనేవారు. అబద్ధం కాదు. ఆ నీళ్ళలో చేపలుంటాయని మాత్రం చెప్పేవారు కాదు.

ల్యాబు పేరు చెప్పను. భీమవరం దాటాక చెరువుల మధ్య ఉండేది. నీళ్ళలో ఏముంది, మేతలో ఏముంది, చేపలో మందుల అవశేషాలున్నాయా అని చూడటం మా పని. వాటికి మిషన్లున్నాయి. కానీ చేప తినడానికి బావుందా లేదా అని చెప్పే మిషను మా దగ్గర లేదు. దానికి మనుషులే కావాలి. వాళ్ళని ప్యానెల్ అనేవాళ్ళం. మా ప్యానెల్ ఐదుగురూ మా స్టాఫే. స్టోర్ కీపరు, డ్రైవరు, వాచ్‌మన్, అకౌంటెంటు, ల్యాబ్ అసిస్టెంటు.

చేపని ఉప్పు, కారం, చింతపండు లేకుండా ఉత్తి ఆవిరి మీద ఉడికించి వీళ్ళకి పెట్టాలి. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి చింతపండు లేని చేప పెట్టడమంటే అవమానం చేయడమే. మా స్టోర్ కీపరు ప్రతిసారీ ప్లేటు చూసి నిట్టూర్చి, "ఇది వంట కాదండి, చేపకి శిక్ష" అనేవారు. తినే ముందు కిళ్ళీ వేసుకోకూడదు, బీడీ కాల్చకూడదు, సెంటు పూసుకోకూడదు. ఏ ప్లేటులో ఏ చేప ఉందో వాళ్ళకి తెలియకూడదు. ఆ సంగతి వండిన మనిషికి తెలుసు గనుక, వండిన మనిషి రుచి చూడకూడదు. వండేది నేను. ఆ రూలు ఎవరు రాశారో గానీ మా వంశాన్ని దృష్టిలో పెట్టుకునే రాసినట్టుండేది.

నేను తినకపోయినా గిన్నె మూత తియ్యగానే నాకు తెలిసిపోయేది. ముఖ్యంగా మట్టి వాసన. మీకు తెలిసిందే, చెరువులో ఒక రకం నాచు పెరిగితే అది నీళ్ళలోకి ఒక వాసన వదులుతుంది. చేప దాన్ని ఒంటికి పట్టించుకుంటుంది. తింటే ఆరోగ్యానికి ఏమీ కాదు, కానీ కూర నోట్లో పెట్టుకుంటే చేను దున్ని నాలిక మీద పోసినట్టుంటుంది. అలాంటి సరుకు ఒక్కసారి దూర దేశం వెళ్ళి తిరిగొస్తే, ఆ రైతు పేరు వింటేనే వ్యాపారులు ఫోను పెట్టేస్తారు.

ఆ రోజుల్లో మాకొక కుర్ర సైంటిస్టుగారు వచ్చారు, కేరళ నుంచి. మంచివాడు, తెలివైనవాడు, పేపరు మీద గీసింది చెరువులో కూడా అలాగే ఉంటుందని నమ్మేవాడు. మట్టి వాసన పట్టిన చేపల్ని మేత ఆపేసి, పారే శుభ్రమైన నీళ్ళలో కొన్నాళ్ళు ఉంచితే వాసన పోతుందని ఆయన ప్రయోగం. పుస్తకాల్లో ఉన్నదే. మన చెరువుల్లో, మన బొచ్చె చేపకి, మన శీలావతికి చేసి చూపించాలి. దానికి పంట ఇచ్చే రైతు కావాలి.

ఒక్కరే ముందుకొచ్చారు. ఒకావిడ. భర్త ఉన్నారు, కానీ ఆ ఇంట్లో మాట్లాడే పని ఆవిడది, తలూపే పని ఆయనది. కౌలుకి తీసుకున్న చెరువు. పంట చేతికొచ్చే వేళకి మట్టి వాసన పట్టింది, వచ్చిన వ్యాపారి లారీ ఖాళీగానే తిప్పుకెళ్ళాడు. చుట్టుపక్కల రైతులందరూ దాన్ని ఎండు చేపల వాళ్ళకి ఇచ్చేసి గొడవ వదిలించుకోమన్నారు. ఆవిడ వినలేదు. పక్కనే మంచి బోరు ఉంది, చిన్న గుంట ఉంది. మా సారు మాట నమ్మి చేపలన్నీ ఆ గుంటలోకి మార్చారు. మేత లేదు గనుక చేప రోజురోజుకీ చిక్కిపోతుంది, ఇరుకులో ఎక్కువ కాలం ఉంచితే చచ్చిపోతాయి. అంటే మేము సరే అన్న రోజున లారీ ఎక్కాలి. లేదంటే పంట పోయినట్టే, వచ్చే ఏడు కౌలూ లేనట్టే.

ఆశ్వయుజంలో అయిపోవాల్సిన ప్రయోగం ఇది. మధ్యలో తుఫాను వచ్చి కరెంటు పోయింది, బోరు ఆగింది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేసరికి కార్తీకం వచ్చేసింది. ఆఖరి పరీక్ష రోజున మా సారు హుషారుగా వచ్చి ప్యానెల్‌ని పిలవమన్నారు.

వచ్చారు. స్టోర్ కీపరు నల్లబట్టల్లో, మెళ్ళో మాల, కాళ్ళకి చెప్పుల్లేవు. ఆయన వెనక డ్రైవరు, నల్లబట్టల్లో. ఆ వెనక వాచ్‌మన్, అదే వేషం. అకౌంటెంటుగారికి మాల లేదు గానీ కార్తీకమంతా నీచు ముట్టనని ఇంట్లో ఒట్టు వేశారట. ల్యాబ్ అసిస్టెంటుకీ అంతే. ఈ వేషాలు వారం నుంచీ మా కళ్ళ ముందు తిరుగుతూనే ఉన్నాయి. కానీ ఎవరికి వాళ్ళు, నేనొక్కణ్ణే కదా, మిగతా నలుగురూ తింటారులే అనుకున్నారు. నేనా, ఎవరు తింటే నాకేం అనుకున్నాను.

సారు నోరెళ్ళబెట్టారు. ఆయన ఊరు శబరిమలకి పెద్ద దూరం కాదట, జన్మలో వెళ్ళలేదట. భీమవరం పక్కన ఇంతమంది అయ్యప్పలు తనకి అడ్డం పడతారని ఆయన ఊహించలేదు.

ఆ పూటే తేల్చాలి. వ్యాపారి అప్పటికే ఐసు వేసుకుని బయల్దేరాడు. నాకో ఆలోచన వచ్చింది. మట్టి వాసనే కదా కావాలి, తినకుండా వాసన చూసి చెప్పొచ్చు కదా? అన్నాను. స్టోర్ కీపరు గురుస్వామి. ఎన్నోసార్లు కొండ ఎక్కినవారు. దీక్షలో ఉండి చేప వాసన చూడటం కూడా తప్పేనన్నారు. మిగతా ఇద్దరు స్వాములూ ఆయన మొహం చూశారు. ఇక వాదించి లాభం లేదని మా అన్నయ్యకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

కార్తీకమాసంలో పురోహితుడికి ఫోన్ చెయ్యడమంటే మీకు తెలుసు. వెనకాల సత్యనారాయణ వ్రతం జరుగుతోంది, ఎవరో కొబ్బరికాయ కొడుతున్నారు. అన్నయ్య సంగతంతా విన్నాడు.

"జీతం తీసుకుంటూ పని మానెయ్యడం దీక్షకి ఇంకా పెద్ద దోషం. వాసన చూడొచ్చు, నోట్లో పెట్టుకోకూడదు. పని అయ్యాక స్నానం చేసి స్వామిని తల్చుకోమను" అని పెట్టేశాడు.

అంతటితో అయిపోవాలి. కానీ భక్తిలో మావాళ్ళు ఎప్పుడూ ఇచ్చినదానికి రెండింతలు చేస్తారు. స్నానం ఆఖర్న ఒకటి చేస్తే ఎలా, ఒక ప్లేటు వాసనతో ఇంకో ప్లేటు దగ్గర కూర్చోవడమేంటి, ప్లేటుకో స్నానం చెయ్యాలన్నారు గురుస్వామి. మాల లేనివాళ్ళు కూడా పుణ్యంలో వెనకబడటం ఇష్టం లేక మేమూ చేస్తామన్నారు. సారుకి ఈ ఏర్పాటు తెగ నచ్చింది. మధ్యలో స్నానం చేస్తే ముక్కు రీసెట్ అవుతుంది, వెరీ గుడ్ ప్రొసీజర్ అన్నారు. సైన్సూ శాస్త్రమూ ఒకే మాట మీదకి రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మూడు ప్లేట్లు పెట్టాను. ఒకటి ఆవిడ గుంటలో చేప. ఒకటి శుభ్రం చెయ్యని చెరువులో చేప, ఇది కంపు కొట్టాలి. ఒకటి కాకినాడ రేవు నుంచి తెప్పించిన చందువ, సముద్రం చేప గనుక దీనికి మట్టి వాసన ఉండే ప్రశ్నే లేదు. ఒక్కొక్కరికి ఒక్కో వరసలో ఇచ్చాను. వాళ్ళు మూత ఎత్తి, వంగి, వాసన చూసి, నా దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పి, పెరట్లో కుళాయి దగ్గర నెత్తిన నీళ్ళు పోసుకుని, బట్టలు పిండుకుంటూ వచ్చి మళ్ళీ కూర్చునేవారు. వరండా అంతా నీళ్ళు. రిజల్టు కోసం వచ్చిన ఒక రొయ్యల కంపెనీ మనిషి ఇదేదో పూజ అనుకుని చెప్పులు బయట విడిచి వచ్చాడు.

మొత్తం అయ్యేసరికి ఆవిడ చేపకి నలుగురు మట్టి వాసన ఉందన్నారు, ఒక్కరు లేదన్నారు. సారు మొహం మాడిపోయింది. అయినా నిజాయితీపరుడు, వెంటనే ఆవిడకి ఫోన్ చేసి, సారీ అమ్మా, వాసన పోలేదు అని చెప్పేశారు. అవతల ఏమన్నారని అడిగాను. "సరేనండి అన్నారు, అంతే" అన్నారాయన.

ఏడ్చి తిట్టి ఉంటే నాకంత బాధ ఉండేది కాదు. మమ్మల్ని నమ్మిన ఒకే ఒక్క మనిషి సరేనండి అని పెట్టేసింది. ప్లేట్లు కడగబుద్ధి కాక కూర్చున్నాను. గిన్నె మూత తీసినప్పుడు ఆవిడ చేపలో నా ముక్కుకి ఏమీ తగల్లేదు. పోనీ, వండినదాన్ని, నా మాటకి విలువ లేదు. కానీ చందువ సంగతేంటి? డ్రైవరు చందువకి కూడా మట్టి వాసన ఉందన్నాడు. వాచ్‌మన్ కూడా. పుట్టిన దగ్గర్నుంచీ ఉప్పునీళ్ళు తప్ప ఎరగని చేపకి మా చెరువుల మట్టి ఎక్కడ అంటింది? ఆలోచిస్తే, ముందుగా వచ్చిన ప్లేటుని అందరూ సరిగ్గానే చెప్పారు. ఆవిడ చేపకి వాసన లేదన్న ఆ ఒక్కరికీ అదే ముందు వచ్చింది. ఆ తర్వాత ప్లేటులో ఏమున్నా సరే, అందరికీ మట్టే.

సారుతో అంటే, మనుషులు కదా, పొరపాట్లు ఉంటాయన్నారు. సరిగ్గా అప్పుడే స్టోర్ కీపరు తాళాలివ్వడానికి లోపలికొచ్చి నా బల్ల మీద వంగారు. ఆయన జుట్టు నుంచి ఒక చుక్క నా చెయ్యి మీద పడింది. నేను ఆ చెయ్యి వాసన చూసుకున్నాను. తర్వాత లేచి ఆయన భుజం మీద తుండు వాసన చూశాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏంటండీ మేడమ్, దీక్షలో ఉన్నవాణ్ణి" అన్నారు కంగారుగా.

"స్వామీ, మీరు అచ్చం కౌలు చెరువులో బొచ్చెలా ఉన్నారండి" అన్నాను.

అందరం మేడ మీదకి పరిగెత్తాం. పెరటి కుళాయికి నీళ్ళొచ్చే ట్యాంకు అది. దాని మూత ఎప్పుడో గాలికి ఎగిరిపోయింది. కొత్త మూత కావాలని మేము పెట్టిన కాగితం ఏ ఆఫీసులో నిద్రపోతోందో ఎవరికీ తెలియదు. మేము తాగేదీ వండేదీ క్యాన్ నీళ్ళు గనుక దాని జోలికి ఎవరం పోలేదు. లోపలికి తొంగిచూస్తే కాలవ నీళ్ళ మీద ఎండ పడి నాచు పచ్చగా, దట్టంగా పెరిగి ఉంది. చేపల్లో మట్టి వాసన ఎలా పోగొట్టాలా అని ప్రయోగాలు చేసే ల్యాబు, ఆ వాసన పుట్టించే నాచుని తన నెత్తి మీదే సాగుచేస్తోంది. మావాళ్ళు దాన్ని శుద్ధి కోసం తల మీద పోసుకుని, అది కారుతుండగా చేప మీద వంగి, మట్టి వాసన వస్తోందని చెప్పారు. నిజమే చెప్పారు పాపం. వాసన వచ్చింది, చేపది మాత్రం కాదు.

మళ్ళీ పెట్టాలి. స్నానాలు లేకుండా. గురుస్వామి ససేమిరా అన్నారు. మళ్ళీ అన్నయ్యకి ఫోన్. ఈసారి కథ మూడో అధ్యాయంలో ఉన్నాడు. "పని అయ్యాక అని నేను చెప్పనే చెప్పాను, మధ్యలో మీకెవరు చెప్పారు" అని కసిరాడు. గురుస్వామి ముందుగా తనే తల వంచారు. క్యాన్ నీళ్ళతో ఐదుగురి తలలూ కడిగి, ఫ్యాను ముందు ఆరబెట్టి, పొడిబట్టలు కట్టించి కూర్చోబెట్టాం. పండక్కి పిల్లల్ని తయారుచేసినట్టు చేశాను. ఈసారి చందువ చందువలాగే ఉంది. చెరువు చేప కంపు కొట్టింది. ఆవిడ చేపకి ఐదుగురూ వాసన లేదన్నారు. కొన్నాళ్ళుగా నీచు ముట్టని ముక్కులు కదా, అంత చురుకైన ప్యానెల్ నా సర్వీసులో ఇంకెప్పుడూ దొరకలేదు.

ఆవిడకి ఫోన్ చేస్తే తియ్యలేదు. రిపోర్టు పట్టుకుని సారూ నేనూ జీపెక్కాం, డ్రైవరుస్వామి చెప్పుల్లేకుండా తోలుతుంటే. వెళ్ళేసరికి గుంట దగ్గర వ్యాపారి లారీ వెనక్కి తిప్పుకుంటున్నాడు. ఎండు చేపల అతను కూడా వచ్చి కాటా దింపుతున్నాడు. ఆవిడ గట్టు మీద నిలబడి ఉన్నారు, భర్త పక్కనే.

సారు సంతోషంగా రిపోర్టు చాచారు. ఆవిడ తీసుకున్నారు, మడత విప్పలేదు.

"పొద్దున్న కంపు అన్నారు. ఇప్పుడు బాగుందంటున్నారు. సాయంత్రం ఏమంటారండి?" అని అడిగారు.

నాచు సంగతీ స్నానాల సంగతీ చెప్పాం. చెప్పేకొద్దీ అది అబద్ధంలాగే వినబడింది. వ్యాపారి నవ్వేశాడు. ఎవరైనా తిన్నారా, తినకుండానే బాగుందన్నారా అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అక్కడికక్కడే వల వేయించి, ఒక చేప పట్టించి, మూడు ఇటుకల మీద ఆవిరికి పెట్టాం. ముందు సారు తిన్నారు, బ్రహ్మాండం అన్నారు. తన ప్రయోగాన్ని తనే మెచ్చుకోడా అన్నాడు వ్యాపారి. వల లాగే మనుషులు తింటామన్నారు, వాళ్ళు ఆవిడ మనుషులు. వ్యాపారికి కార్తీకం. లారీ డ్రైవరు నోటి నిండా ఖైనీ ఉంది, వాడికి చేపకీ చెప్పుకీ తేడా తెలిసేలా లేదు.

వ్యాపారి నా వైపు తిరిగాడు. "మీకు మాలా లేదు, లాభమూ లేదు. మీరు తిని చెప్పండి మేడంగారూ, ఎక్కించేస్తాను" అన్నాడు.

డ్రైవరుస్వామి అదిరిపడి, "ఏవండోయ్, ఆవిడ పంతులుగారి అమ్మాయండి" అన్నాడు.

 వ్యాపారి తప్పు మాట అన్నట్టు తల దించుకున్నాడు. అప్పుడు ఆవిడ నా దగ్గరికొచ్చి, "వద్దండి మేడంగారూ. మా కోసం అంత పని చెయ్యకండి. పోతే చేపలు పోతాయి" అన్నారు.

ఆ మాట అనకపోతే నేను తినేదాన్ని కాదేమో. సర్వం పోయేది ఆవిడకి, జాలి పడుతున్నది నా మీద. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆవిడ మీద కాదు, మా మీద. ఇన్నేళ్ళు ఇంకొకరికి వడ్డించి పక్కన నిలబడ్డాను. ఆకులో ఉన్న ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను.

రుచి ఎలా ఉంది అని మీరు అడుగుతారు. నాకు తెలియదు. పోల్చుకోవడానికి ఇంకోటి తిని ఉంటే కదా. వేడిగా ఉంది, మెత్తగా ఉంది, ఉప్పు లేదు. మట్టి మాత్రం లేదు, అది నాకు బాగా తెలుసు.

"మట్టి లేదు" అన్నాను.

వ్యాపారి ఇంకేదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపేశారు. "పంతులుగారి అమ్మాయి తిని చెప్పింది. ఇంకేం కావాలి నీకు? ఎక్కించు" అన్నారు.

ఎక్కించడం మొదలుపెట్టారు. మా ల్యాబు సీలు వేసిన రిపోర్టు ఆవిడ చేతిలో అలాగే మడతలో ఉంది. ఎండు చేపల అతను కాటా సర్దుకున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, గొంతులో ముల్లు దిగిందని. బొచ్చెలో సన్న ముళ్ళుంటాయని ఎంతమంది రైతులకి పాఠం చెప్పానో. నమలడం ఎలాగో మాత్రం నాకెవరూ చెప్పలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, దగ్గు తన్నుకొస్తోంది. కానీ ఆ క్షణంలో నేను దగ్గానంటే వ్యాపారి చేప బాలేదంటాడు, లారీ వెనక్కి తిరుగుతుంది. పళ్ళు బిగించి నవ్వుతూ నిలబడ్డాను. తట్ట తర్వాత తట్ట ఎక్కుతూనే ఉంది, ఆ గుంటలో అన్ని చేపలు ఎందుకు ఉంచారా అనిపించింది.

ఆవిడ షెడ్డులోకి వెళ్ళి దేవుడి దగ్గర పెట్టిన అరటిపండు తెచ్చి, అందరికీ వినబడేలా "ప్రసాదం తీసుకోండి మేడంగారూ" అన్నారు. నా చేతిలో పెడుతూ, పెదాలు కదపకుండా, "నమలకండి, గుటుక్కున మింగెయ్యండి. లారీ వైపే చూస్తూ మింగండి" అన్నారు.

మింగాను.